ఓడ దిగి ఊరు కట్టు!

మౌస్ పట్టుకుంటే చాలు, సముద్రాలు దాటొచ్చు. కొత్త తీరంలో ఊరు కట్టొచ్చు. పత్తి పండించి, బట్ట నేయించి, రాజుగారికి పన్ను ఎగ్గొట్టి స్వతంత్రం ప్రకటించుకోవచ్చు. సెలవుల్లో పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని ఆడే ఈ ‘వలసల ఆట’ను నాలుగొందల ఏళ్ల క్రితం నిజంగానే ఆడారు. అదీ ఎక్కడో కాదు... మన బందరు తీరంలో!

సంవత్సరం 1492. తెరంతా చీకటి. మధ్యలో ఒక చిన్న ఓడ. అందులో ఇద్దరే మనుషులు. ఒకడి చేతిలో పనిముట్లు, ఇంకొకడి చేతిలో తుపాకి. ఓడ పడమటికి కదులుతున్న కొద్దీ చీకటి తొలగి నీలం నీళ్లు కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకెళితే పచ్చని తీరం. ఓడ దిగండి. ఊరు కట్టండి. ఇక ఆట మొదలు!

దీని పేరు ‘కొలొనైజేషన్’. 1994లో మైక్రోప్రోస్ అనే అమెరికా కంపెనీ తెచ్చింది. బ్రయాన్ రేనాల్డ్స్, సిడ్ మేయర్ కలిసి రూపొందించారు. ‘సివిలైజేషన్’ ఆటతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న సిడ్ మేయరే ఆయన. కాల్పులూ కార్ల రేసులూ ఉండే ఆట కాదిది. చదరంగంలాగా ఒక ఎత్తు మీరు, ఒక ఎత్తు కంప్యూటర్. తొందరేం లేదు. ఆలోచించి వెయ్యాలి. అందుకేనేమో, తర్వాత ఎన్ని వేల ఆటలు వచ్చినా దీన్ని మరిచిపోలేని వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు కలిసి అదే పద్ధతిలో ‘ఫ్రీకాల్’ అనే ఆటను తయారుచేసి 2003 నుంచీ ఉచితంగా పంచుతున్నారు. పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. పైసా ఖర్చు లేదు.

మామిడికాయల రోజుల్లో ఉంగుటూరు లాంటి ఊళ్లో మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఆ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. వసారాలో గడ్డి పరిచి ముగ్గేసిన చిన్నరసాలు, పెద్దరసాలు. మేడ మీద ఎండుతున్న మాగాయ ముక్కలు. రోడ్డు మీద నూజివీడు కాయల లోడుతో లారీలు. సెలవులకి అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లలు పన్నెండు దాటాక గడప దాటరు. ఎండ అలాంటిది. ఒకప్పుడు ఆ వేళకి అష్టాచెమ్మా, వైకుంఠపాళీ పరిచేవారు. ఇప్పుడు లాప్‌టాప్ తెరుస్తారు.

ఊరికే ఆడనివ్వక పక్కన పడక్కుర్చీలో ఉన్న తాతయ్య ‘‘ఎవరి నేలరా అది, అలా దిగిపోతున్నావు?’’ అని అడిగితే? మనవడు తడుముకోవాల్సిందే. ఎందుకంటే తెర మీద ఆ నేల ఖాళీగానే కనిపిస్తుంది. అక్కడక్కడా కొన్ని గుడిసెలు, డేరాలు ఉంటాయి. ఇంకా, ఆజ్‌టెక్, ఇరొక్వా, చెరోకీ... ఇలా ఎనిమిది జాతుల వాళ్లు. వాళ్లతో బేరం చేసుకోవచ్చు, స్నేహం చెయ్యొచ్చు, తగలబెట్టనూ వచ్చు. కానీ వాళ్ల తరఫున ఆడటం మాత్రం కుదరదు. ఆ ఆటలో మీకున్న అవకాశాలు నాలుగే. ఇంగ్లిషు, ఫ్రెంచి, స్పెయిన్, డచ్చి.

ఈ నాలుగింటిలో మూడు పేర్లు బందరు వాళ్లకి బాగా తెలుసు!

మూడు పేటలు... మూడు కంపెనీలు

ఉంగుటూరు నుంచి గుడివాడ, పెడన మీదుగా వెళితే అరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా మచిలీపట్నం. ఆ ఊళ్లో వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లిషుపాలెం ఉంది. వలందులంటే హాలండు వాళ్లు, అంటే డచ్చివాళ్లు. పరాసులంటే ఫ్రెంచివాళ్లు. ఇంగ్లిషు వాళ్ల సంగతి వేరే చెప్పాలా! ముగ్గురు ఆటగాళ్లు ఒకే ఊళ్లో తలో మూల పావులు పెట్టుకున్నారన్నమాట. పేటల పేర్లు ఇప్పటికీ అవే.

ముందొచ్చింది డచ్చివాళ్లు. 1605లో. అప్పటికి మచిలీపట్నం గోల్కొండ సుల్తానుల రేవు. చార్మినార్ కట్టి పట్టుమని పదిహేనేళ్లు కాలేదు. ఆ తర్వాత 1611లో ‘గ్లోబ్’ అనే ఇంగ్లిషు ఓడ కోరమాండల్ తీరానికి వచ్చింది. పులికాట్‌లో దిగబోతే అప్పటికే అక్కడున్న డచ్చివాళ్లు పడనివ్వలేదు. అక్కణ్నుంచి కదిలి ఇటు నిజాంపట్నం, మచిలీపట్నం చేరింది. తూర్పు తీరంలో ఇంగ్లిషు వాళ్ల వ్యాపారానికి అదే మొదలు. ఫ్రెంచివాళ్లు కాస్త ఆలస్యంగా, 1669లో గోల్కొండ ఫర్మానా పుచ్చుకుని బందరులో కొట్టు తెరిచారు.

కొట్టు అనే అనాలి. అప్పట్లో వాళ్లు ‘ఫ్యాక్టరీ’ అన్నది సరుకు కొని దాచే గిడ్డంగినే. పొగ గొట్టాలూ యంత్రాలూ ఏమీ ఉండవు. కంప్యూటర్ ఆటల్లో ‘ట్రేడింగ్ పోస్ట్’ అని ఒక బొమ్మ ఉంటుంది చూడండి, సరిగ్గా అది.

ఆట తిరగబడింది ఇక్కడే

‘కొలొనైజేషన్’ ఆటలో అసలు రుచి సరుకుల్లో ఉంది. ఊరి చుట్టూ ఉన్న గళ్లలో ఒక్కో మనిషిని ఒక్కో పనికి పెట్టాలి. ఒకడు పత్తి పండిస్తాడు, ఒకడు పొగాకు, ఒకడు చెరకు. పత్తిని అలాగే ఓడకెక్కిస్తే తక్కువ ధర. నేతగాడి ఇల్లు కట్టి బట్టగా మార్చి పంపితే ఎక్కువ. యూరప్ నుంచి చెయ్యి తిరిగిన నేతగాణ్ని రప్పించారంటే ఇక లాభాలే లాభాలు. అదే సరుకు మళ్లీ మళ్లీ అమ్మితే ధర పడిపోతుంది. పన్నెండేళ్ల కుర్రాడికి మార్కెట్ అంటే ఏమిటో ఇంత బాగా చెప్పే పాఠ్యపుస్తకం అరుదు. మామిడి కాపు విరగకాసిన ఏడాది కాయ ధర ఏమవుతుందో తెలిసిన ఊళ్లో అయితే ఇంకా తొందరగా ఎక్కుతుంది!

కానీ బందరులో జరిగింది సరిగ్గా దీనికి తిరగేసి. ఇక్కడ నేత నేర్పడానికి ఎవరూ ఓడెక్కి రానక్కర్లేదు. కృష్ణా డెల్టాలో పెరిగే చిరివేరు నుంచి తీసిన ఎర్ర రంగు ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఆ రంగుతో అద్దిన బట్టల కోసం దేశదేశాల వర్తకులు బందరు వచ్చేవారు. పెడనలో ఈనాటికీ దిమ్మలతో అద్దే కలంకారీ ఆ సంతతిదే. డచ్చివాళ్లకి కావలసింది ఇండోనేసియా దీవుల్లోని జాజికాయ, లవంగం. ఆ దీవుల వాళ్లకి కావలసింది కోరమాండల్ బట్ట. అందుకని డచ్చివాళ్లు ముందు ఇక్కడికొచ్చి బట్ట కొనుక్కుని, అక్కడికెళ్లి దాన్ని మసాలా దినుసులకి మార్చుకునేవారు. మరి ఇక్కడ బట్టకి బదులు ఏమిచ్చారు? వాళ్ల దేశపు సరుకు మనవాళ్లకి పెద్దగా అక్కర్లేకపోయింది. వెండి, బంగారం తేవాల్సి వచ్చింది.

అంతేకాదు. మన అద్దకపు బట్టలు యూరప్‌లో ఎంతగా అమ్ముడుపోయాయంటే అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో ఈ బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, అది చాలక 1721లో మరింత గట్టి చట్టం తెచ్చింది. ఇంత సంగతి ఏ ఆటలోనూ కనిపించదు. ఆటలో బట్ట ఎప్పుడూ యూరప్ వాడి తెలివే!

ఆ తర్వాత వందేళ్లకి బల్ల తిరిగింది. రాజ్యం కంపెనీ చేతికి వచ్చింది. మాంచెస్టర్ మరమగ్గాల బట్ట పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడికే వచ్చి పడింది. బందరు బట్టకి అడిగేవాడు తగ్గాడు, నేతగాడి ఇంట్లో పొయ్యి ఆరింది. అప్పుడుగానీ మన తీరం ఆటలోని వలసలా మారలేదు. పత్తి ఇక్కణ్నుంచి, బట్ట అక్కణ్నుంచి.

పన్ను కట్టాలా? వద్దా?

ఆటలో పిల్లలకి బాగా కోపం తెప్పించేది రాజుగారి పన్ను. కొంచెం డబ్బు కూడబెట్టగానే ఏదో ఒక వంక పెట్టి పన్ను పెంచుతాడు. కట్టనంటే సరుకును సముద్రంలో పారబొయ్యాలి. అప్పుడు పన్ను పెరగదు కానీ ఆ సరుకు ఇక యూరప్‌లో అమ్ముకోలేరు. ఇది 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో తేయాకు పెట్టెల్ని నీళ్లలోకి విసిరిన సంఘటనకి ఆట రూపం. ఆ తేయాకు ఎవరిదో తెలుసా? ఈస్టిండియా కంపెనీది! బోస్టన్‌లో ఎవరి పెట్టెలు మునిగాయో, ఆ ఏటికి బందరు కోట మీద వాళ్ల జెండానే ఎగురుతోంది.

మన దగ్గర మాత్రం పన్ను బేరంలో మొదటి నుంచీ కంపెనీదే పైచెయ్యి. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లిషు వాళ్లకి ఒక ఫర్మానా ఇచ్చాడు. దానికి ‘బంగారు ఫర్మానా’ అని పేరు. ఏడాదికి 500 పగోడాల సుంకం కడితే చాలు, గోల్కొండ రేవుల్లో ఎంత వ్యాపారమైనా చేసుకోవచ్చు. సరుకు ఎంత పెరిగినా సుంకం మాత్రం అంతే. ఆటలో ఇలాంటి ఒప్పందం దొరికితే ఏ పిల్లాడైనా ఎగిరి గంతేస్తాడు.

ఆట అడుగున దాగిన మనుషులు

ఈ ఆటలో ఓడెక్కి వచ్చేవాళ్లందరూ దొరలు కారు. చిల్లర దొంగలుంటారు. కొన్నేళ్లు చాకిరీ చేస్తానని కాగితం రాసిచ్చిన కూలీలుంటారు. ఆ రెండో రకం మనుషులు తెలుగువాళ్లకి పరాయివాళ్లు కారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి వెళ్లిన ‘ట్రూరో’ ఓడ కూలీలతో దక్షిణాఫ్రికాలోని నటాల్ తీరం చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు ఓడల మీద ఓడలు వెళ్లాయి. చెరకు తోటల్లో అయిదేళ్ల ఒప్పందం. అలా వెళ్లినవాళ్లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మారిషస్‌కి అంతకు ముందే వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లని ‘కొరింగీ’లన్నారు. కాకినాడ పక్కనున్న కొరింగ రేవు పేరది. ఇంకొకరి వలసను తమ చెమటతో కట్టింది వాళ్లు. ఆటలో ఆ పని మౌస్‌తో ఒక్క నొక్కు.

బానిసల ఊసైతే ‘కొలొనైజేషన్’లో అసలే లేదు. చెరకు ఉంది, పొగాకు ఉంది, పత్తి ఉంది. వాటిని నిజంగా పండించిన ఆఫ్రికా మనుషులు మాత్రం లేరు. ఇది చిన్న లోపమేమీ కాదు. మన తీరానికీ ఆ మచ్చ అంటింది. పదిహేడో శతాబ్దంలో కరవు వచ్చినప్పుడల్లా డచ్చివాళ్లు కోరమాండల్ తీరంలో మనుషుల్ని కొని, ఓడల్లో బటావియాకి పంపారు. అదే ఇప్పటి జకార్తా.

రెండు రోజుల మందుగుండు

యుద్ధం లేకపోతే స్ట్రాటజీ ఆటే కాదంటారు పిల్లలు. అయితే వాళ్లకి చెప్పాల్సిన కథ ఒకటుంది.

1753లో ఫ్రెంచి సేనాని బుస్సీ నైజాం నుంచి ఉత్తర సర్కార్లు సంపాదించాడు. కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు. అంతకు మూడేళ్ల ముందే మచిలీపట్నం వాళ్ల చేతికి వచ్చింది. తీరమంతా పరాసులదే. అప్పుడు బెంగాల్ నుంచి క్లైవ్ పంపగా కల్నల్ ఫోర్డ్ ఓడ దిగాడు. విజయనగరం రాజు ఆనందగజపతి తోడు నిలిచాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేనను ఓడించి, మరుసటి మార్చికల్లా ఫోర్డ్ బందరు కోట ముందు గుడారాలు వేశాడు.

అక్కడ మొదలయ్యాయి కష్టాలు. ఖజానా ఖాళీ. ఇస్తానన్న డబ్బు రాజుగారి దగ్గర్నుంచి సమయానికి రాదు. జీతాలివ్వందే తుపాకి ముట్టమని అతని తెల్ల సిపాయిలే మొరాయించారు. వెనక నుంచి ఫ్రెంచివాళ్లకి అండగా నైజాం సలాబత్ జంగ్ పెద్ద సేనతో బెజవాడ వైపు వస్తున్నాడు. ముందు కోట, వెనక నవాబు. ఏప్రిల్ 7న లెక్క చూస్తే మందుగుండు ఇంకో రెండు రోజులకే ఉంది!

ఆటలో ఈ స్థితికి వస్తే పిల్లలు ఏం చేస్తారు? పాత ‘సేవ్’ తెరిచి వెనక్కి వెళతారు. ఫోర్డ్‌కి ఆ వీలు లేదు. ఆ రాత్రే దాడికి దిగాడు. కోటకి ఒక పక్కనున్న బురద నేలను దాటడం ఎవరి వల్లా కాదని ఫ్రెంచివాళ్ల ధీమా. కొంతమందిని అటు నుంచే పంపి, వాళ్ల దృష్టి మళ్లించి, అసలు సేనతో ఇంకో వైపు నుంచి గోడలెక్కాడు. తెల్లారేసరికి ఫ్రెంచి అధికారి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. లొంగినవాళ్లు గెలిచినవాళ్ల కంటే ఎక్కువమంది! గాలి ఎటు వీస్తోందో సలాబత్ జంగ్‌కి అర్థమైంది. మే 14న ఇంగ్లిషు వాళ్లతోనే ఒప్పందం చేసుకున్నాడు.

1766లో మరో ఒప్పందంతో సర్కార్లు కంపెనీవయ్యాయి. బదులుగా ఏడాదికి తొమ్మిది లక్షల రూపాయలు నైజాముకి కట్టడానికి ఒప్పుకుంది. ఉంగుటూరు, నూజివీడు పొలాల మీద ఎవరి పెత్తనమో ఆ కాగితంలో తేలిపోయింది. దున్నేవాణ్ని అడిగినవాడు లేడు.

నూజివీడు పావు

పావులు ఊరికే ఉండవు. 1783లో నూజివీడు జమీందారు కంపెనీ మీద తిరగబడ్డాడు. జమీ జప్తయింది. చివరికి 1802లో దాన్ని రెండు ముక్కలు చేసి నూజివీడు ఒకరికి, నిడదవోలు ఒకరికి పట్టా ఇచ్చారు. ఏటా ఇంత అని పేష్కష్ కట్టాల్సిందే. తర్వాత వారసుల తగాదా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. నూజివీడు మళ్లీ ముక్కలైంది. ఉంగుటూరు మండలంలోని తేలప్రోలు ఆ ముక్కల్లో ఒకటి. జమీందారీలు పోవడానికి 1948 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పల్లెల్లో పెద్దవాళ్లు ‘ఎస్టేటు భూములు’ అని ఇప్పటికీ అనే మాట వెనక ఉన్నది ఇదంతా.

ఇటువైపు నుంచి ఆడితే...

ఆటలు తయారుచేసేవాళ్లకి ఈ సంగతి తట్టలేదనుకోవద్దు. 2005లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3’ కూడా వలసల ఆటే. మన దగ్గర నెట్ సెంటర్లలో గుంపులు గుంపులుగా ఆడిన ఆటల కుటుంబం అది. దానికి 2007లో ‘ది ఏషియన్ డైనాస్టీస్’ అనే అనుబంధం వచ్చింది. చేసింది ‘కొలొనైజేషన్’ రూపకర్త బ్రయాన్ రేనాల్డ్స్ నడిపిన బృందమే. అందులో భారతీయుల తరఫున ఆడొచ్చు. కట్టుకోగల అద్భుతాల్లో ఆగ్రా కోట, తాజ్‌మహల్‌తో పాటు మన చార్మినార్ కూడా ఉంది. భారతీయ ఆటగాడు ఆవుల్ని తిండికి వాడుకోలేడు, మేపుకోవచ్చంతే. 1857లో కంపెనీ సిపాయి కంపెనీ మీదే తిరగబడే కథ కూడా పెట్టారు. పద్నాలుగేళ్ల కుర్రాడు మొదటిసారి కంపెనీకి ఎదురు నిలబడి ఆడతాడు.

2020లో ఆ ఆటను కొత్తగా ముస్తాబు చేసినప్పుడు ‘కలోనియల్ ఏజ్’ అనే దశ పేరు తీసేసి ‘కామర్స్ ఏజ్’ అని పెట్టారు. అమెరికా ఆదివాసుల జాతుల పేర్లను వాళ్లు పిలుచుకునే తీరులోకి మార్చారు. మంచిదే. అయితే ‘వలస’ను ‘వర్తకం’ అన్నంత మాత్రాన సరిపోతుందా? బందరులో మొదలైంది వర్తకం పేరుతోనే కదా!

ఇంతకీ ఆడనివ్వాలా వద్దా అన్నది తల్లిదండ్రుల మొదటి ప్రశ్న. గంటలకి గంటలు తెర ముందు కూర్చోవడం ఏ ఆటకైనా చెరుపే. ‘ఇంకొక్క టర్న్, ఇంకొక్క టర్న్’ అంటూ అన్నం మాటే మరిచిపోయే గుణం ఈ ఆటలకి మరీ ఎక్కువ. సమయం కట్టడి చెయ్యాల్సిందే. కానీ పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటే పాఠాలు బోలెడు దొరుకుతాయి. ఇప్పుడు నువ్వు ఎవరివి? ఆ గుడిసెల్లో వాళ్లు నిన్ను చూసి ఏమనుకుంటున్నారు? నీ పత్తి కోసింది ఎవరు? ఇలా అడుగుతూ ఉండండి. ‘ఫ్రీకాల్’లో మ్యాప్ ఎడిటర్ కూడా ఉంది. కాస్త ఓపిక ఉన్న పిల్లలు కృష్ణా నది సముద్రంలో కలిసే చోటును గీసుకుని, అక్కడికి ఓడను రప్పించుకోవచ్చు.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరి బందరు వెళ్లండి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయారు. ఆ పట్నం మునుపటి దశకి మళ్లీ రాలేదు. 2023లో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. బందరు కోటలో పాడుబడిన గోడలు మిగిలే ఉన్నాయి. డచ్చివాళ్ల శ్మశానంలో వాళ్ల భాషలో చెక్కిన సమాధి రాళ్లు చూడొచ్చు. వలందులు తమ స్థావరాలన్నీ 1825లో ఇంగ్లిషు వాళ్లకి అప్పగించి వెళ్లిపోయారు. పరాసులు మాత్రం పేరుకైనా తమ కొట్టు స్థలాన్ని వదల్లేదు. దేశానికి స్వతంత్రం వచ్చాక, 1947 అక్టోబరులోగానీ బందరులోని ఆ కాస్త ఫ్రెంచి ముక్క మన చేతికి రాలేదు. పరాసుపేట ఎక్కడని ఏ ఆటో అతన్ని అడిగినా తీసుకెళతాడు.